గిన్నెమీద పేరు ఎవరిది?

మన సాహిత్య విమర్శలో 'వస్తువు' అనే మాట బాగా అరిగిపోయింది. కథల గురించి రాసే ఏ వ్యాసం తీసుకున్నా 'వస్తువు, శిల్పం' అని రెండు గదులు కట్టుకుని మొదలవుతుంది. ఈ కథలో వస్తువు పేదరికం, ఆ కథలో వస్తువు వరకట్నం అని రాస్తాం. ఎం.ఏ. ప్రశ్నపత్రాల నుంచి పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల దాకా ఇదే వరస. ఇంట్లో మాత్రం వస్తువంటే వేరు. చెంబు, చాట, చీపురు, రుబ్బురోలు, ట్రంకుపెట్టె. ఊరికి బయల్దేరేటప్పుడు 'వస్తువులన్నీ సర్దావా' అని అమ్మ అడిగితే అది కథాంశాల గురించి కాదు. ఒకే మాటకున్న ఈ రెండర్థాల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మన కథలు చదివితే ఏమవుతుందా అని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. కథావస్తువు గురించి ఇంత రాశాం గానీ, కథలోని వస్తువుల్ని ఎవరు కొన్నారు, ఎవరు వాడారు, ఎవరు తోమారు, ఎవరు ముట్టుకోకూడదు అనే లెక్క పెద్దగా తీయలేదు. తీస్తే వర్గం గురించీ కులం గురించీ రచయిత చెప్పదలుచుకున్నదానికన్నా కొంత ఎక్కువే బయటపడుతుంది.

గిన్నెలతో మొదలుపెడతాను. తెలుగిళ్ళలో గిన్నెలకు ఒక నిచ్చెన ఉండేది. కింద మట్టికుండ. దానిపైన సత్తు. దీన్ని తెలంగాణలోనూ చాలాచోట్లా 'సిల్వర్' అంటారు. బీదవాళ్ళ అల్యూమినియానికి వెండి పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్ళకు హాస్యం బాగా తెలుసు. ఆపైన ఇత్తడి, కంచు. తర్వాత స్టీలు వచ్చింది. చింతపండు పెట్టి తోమక్కర్లేదు, కళాయి పూయించక్కర్లేదు, తళతళలాడుతుంది. మధ్యతరగతి ఇంట్లో స్టీలు సామాను అలమరలో వరసగా నిలబడితే ఆ ఇల్లు ఒక మెట్టు ఎక్కినట్టు. ఆడవాళ్ళు పాత పట్టుచీరలు, జరీపంచెలు ఇచ్చి వీధిలో బేరమాడి స్టీలు గిన్నెలు తీసుకునేవాళ్ళు. సొంత ఆదాయం లేనివాళ్ళకు ఆ చీరలే డబ్బు. అలా తెచ్చుకున్న గిన్నె మీద పేరు కొట్టించడం ఇంకో తంతు. చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కేవాడు గుమ్మంలో కూర్చుని 'ఎవరి పేరు రాయమంటారు' అని అడిగేవాడు.

ఆ ప్రశ్నకు మన ఇళ్ళు ఇచ్చిన జవాబును విమల తన 'వంటిల్లు' కవితలో పట్టుకుంది. వంటింటికి అమ్మే రాణి అని అందరూ అంటారు, చివరికి చూస్తే గిన్నెల మీద ఉన్నది నాన్న పేరు. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన 1993 నాటి నుంచీ ఈ కవిత గురించి ఎన్ని సభల్లో మాట్లాడుకున్నామో లెక్కలేదు. మాట్లాడుకోవలసిందే. ఆస్తి, శ్రమ, అధికారం మూడింటినీ ఒక గిన్నె అంచు మీదికి తెచ్చి నిలబెట్టిన చోటు అది. శ్రమ ఆమెది, పేరు అతనిది.

పేరు అనగానే పి. సత్యవతి 'ఇల్లలకగానే' గుర్తుకు రాకుండా ఉండదు. ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కథ మనందరికీ చిన్నప్పటిదే. సత్యవతి ఆ ఈగని ఇల్లాలిని చేశారు. ఒక పండగనాడు ఇల్లలుకుతున్న గృహిణికి తన పేరేమిటో గుర్తురాదు. ఎదురింటి నేమ్‌బోర్డు మీద ఒక స్త్రీ పేరు ఉంటుంది. ఆ చెక్కముక్కే ఈమెలో కలవరం పుట్టిస్తుంది. పిల్లల్ని అడుగుతుంది, భర్తని అడుగుతుంది, పుట్టింటికి వెళ్ళి సర్టిఫికెట్లు వెతుకుతుంది. చివరకు పాత స్నేహితురాలు కనబడి శారదా అని పిలిస్తే ప్రాణం లేచొస్తుంది. ఈ కథలో ప్రతి వస్తువూ పని చేస్తుంది. నేమ్‌బోర్డు, సర్టిఫికెట్లు, అలికిన ఇల్లు. మధ్యతరగతి స్త్రీకి సమాజంలో చోటు చూపించే కాగితాలూ చెక్కలూ ఇవే. పుట్టింట్లో సర్టిఫికెట్ అనే వస్తువు ఉన్నందువల్లే శారదకు వెతుక్కోవడానికి ఒక చోటుంది.

ఇదే కథలో ఆమె తన పేరు పనమ్మాయిని కూడా అడుగుతుంది. అమ్మగార్ల పేర్లతో తమకేం పని అన్నట్టు ఆ అమ్మాయి జవాబు చెబుతుంది. ఆమెకు ఈ ఇంటి ఆనవాలు చాలు. కథ చదివిన మనలో శారద అందరికీ గుర్తుంది. పనమ్మాయి ఎంతమందికి గుర్తుంది? ఆమె జవాబుని హాస్యంగా దాటేశాం. నా దృష్టిలో ఆ కథ మొత్తంలో వర్గం గురించి చెప్పిన అత్యంత స్పష్టమైన మాట అదే. ఇది సత్యవతి రచనలో లోపం కాదు. ఆమె ఆ మాట రాసిపెట్టారు. మేము చదవలేదు.

ఈ కథ ఒకసారి తరగతిలో చెబుతున్నప్పుడు, కథలో వచ్చే వస్తువుల జాబితా రాయమని పిల్లలకు పని ఇచ్చాను. అందరూ నేమ్‌బోర్డు రాశారు, సర్టిఫికెట్లు రాశారు. వెనకబెంచీలో కూర్చునే ఒకమ్మాయి జాబితాతో పాటు రెండు వాక్యాలు కూడా రాసింది. వాళ్ళమ్మ మూడిళ్ళలో పాచిపని చేస్తుందట. 'మా అమ్మ తన పేరు మర్చిపోలేదు మేడమ్, ఆ ఇళ్ళవాళ్ళకే తెలీదు' అని రాసింది. నా సిద్ధాంత గ్రంథంలో ఈ కథకు పద్దెనిమిది పేజీలు కేటాయించాను. ఆ అమ్మాయి రెండు వాక్యాలు ఆ పేజీల పక్కన పెట్టి చదువుకున్నాను.

ఆ తర్వాతే గ్లాసు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. పనిమనిషికి టీ ఇచ్చే గ్లాసు. పెరటి గూట్లోనో, సింకు కింద మూలనో, బాల్కనీ గోడమీదో బోర్లించి ఉంటుంది. సొట్ట పడిందో, రంగు వెలిసిన ప్లాస్టిక్‌దో. ఇంట్లో గిన్నెలన్నిటి మీదా నాన్న పేరుంటే, ఈ గ్లాసు మీద ఎవరి పేరూ ఉండదు. అవసరం లేదు. అది ఎవరిదో ఇంట్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పేరు కొట్టించడం పోగొట్టుకోకుండా ఉండటానికి, ఇచ్చిపుచ్చుకున్నప్పుడు కలిసిపోకుండా ఉండటానికి. ఈ గ్లాసు కలవడానికి ఆస్కారమే లేదు. ఊళ్ళ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద దళితులు పోరాడారు, కేసులు పెట్టారు, నివేదికలు రాశారు. ఇళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద మన స్త్రీవాద కథ అంత ధైర్యంగా మాట్లాడలేదనే నా అభిప్రాయం. వంటింటిని జైలన్నాం. నిజమే. ఆ జైల్లో ఇంకొకామె రోజుకి గంటసేపు వచ్చి గిన్నెలు తోమి, వేరే గ్లాసులో టీ తాగి, గ్లాసు తనే కడిగి మూలన బోర్లించి వెళుతోంది. ఖైదీ ఎవరు, కాపలా ఎవరు అనే ప్రశ్న ఆ వంటింట్లో అంత తేలిగ్గా తేలదు.

గ్లాసు, గిన్నె, బిందె. ఇవి నీళ్ళకు సంబంధించినవి కాబట్టి కులానికి మరీ దగ్గర. 1985 జులైలో కారంచేడులో జరిగింది మనకు తెలుసు. మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర పశువులు తాగిన కుడితి బకెట్టు కడగటంతో గొడవ మొదలైంది. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త మీదికి కొరడా లేస్తే ఆమె తన బిందె అడ్డం పెట్టింది. మర్నాడు ఊరు ఊరంతా పల్లె మీద పడింది. తెలుగులో దళిత ఉద్యమం, దాని వెంట దళిత సాహిత్యం కొత్త ఊపందుకున్నది అక్కడి నుంచే. ఆ బిందెను తర్వాత కవులూ వక్తలూ ప్రతిఘటనకు ప్రతీక అన్నారు. తప్పుకాదు. కానీ ఆ క్షణాన ఆమె చేతిలో ఉన్నది ప్రతీక కాదు గదా, బిందె. ఇంటికి నీళ్ళు కావాలి కాబట్టి చేతిలో ఉంది. దెబ్బ తగలకూడదు కాబట్టి పైకి లేచింది. ఈ రెండు పనులనూ మర్చిపోయి 'ప్రతీక' దగ్గరకు తొందరపడి వెళ్ళిపోవడంలోనే మన విమర్శ వర్గస్వభావం ఉందని నాకు అనుమానం.

ఈ అనుమానాన్ని చాసో దగ్గర పరీక్షించి చూడొచ్చు. చాగంటి సోమయాజులు (1915–1994) విజయనగరం రచయిత. తక్కువ రాశారు, రాసిన ప్రతి కథా గట్టిది. ఆయన కథల్లో ఒక్కో వస్తువు చుట్టూ ఒక్కో బతుకు తిరుగుతుంది. 'వాయులీనం' అందరికీ తెలిసిన కథే. రాజ్యం పెళ్ళికి ముందు వాయులీనం నేర్చుకుంది. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, చాకిరీలో పడ్డాక ఆ వాయిద్యం మూలన పడింది. ఆమెకు జబ్బు చేస్తుంది, చిన్న ఉద్యోగం చేసే భర్త చేతిలో డబ్బుండదు, వాయులీనం అమ్మేస్తాడు. ఆ డబ్బులోంచే ఆమెకో చీర కూడా వస్తుంది. ప్రేమ లేని మనిషి కాదతను. అందుకే కథ ఇంకా బాధిస్తుంది. ఆమె కళ నుంచి ఆమె వైద్యానికి డబ్బు, ఆమె ఒంటిమీదికి చీర. చేతుల్లో ఉండవలసింది పోయి భుజం మీదికి వచ్చింది.

ఇక 'కుంకుడాకు'. గవరి, పారమ్మ ఇద్దరూ ఒక ఈడు పిల్లలు, స్నేహితులు. పారమ్మ కలిగినవాళ్ళ పిల్ల, బడికి వెళుతుంది. గవరి బుట్ట పట్టుకుని పొయ్యిలోకి ఎండు కుంకుడాకులు ఏరుకోవాలి. ఏరుకుంటూ రైతు కంటపడి దెబ్బలు తింటుంది. కథలో పెద్ద సంఘటనలు లేవు. ఒక పిల్ల చేతిలో పలక, ఇంకో పిల్ల చేతిలో బుట్ట. పారమ్మకు గవరి బతుకు వింతగా ఉంటుంది, గవరికి పారమ్మ బడి అక్కరకు రాని సంగతి. ఆ వయసులోనే ఎవరు దేనికి చెందినవాళ్ళో వస్తువులు నిర్ణయించేశాయి. ఆకులు ఏరకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. ఎండిన కుంకుడాకులంటే విలువలేనివి, ఎవరికీ అక్కర్లేనివి. అవి ఏరుకోవడానికి కూడా ఎవరి భూమి అనే ప్రశ్న వస్తుంది.

నా పిహెచ్.డి. వైవాలో ఈ రెండు కథల గురించీ మాట్లాడుతున్నప్పుడు ఒక పెద్దాయన 'వాయులీనం స్త్రీ అణచివేయబడిన ఆత్మకు ప్రతీక అన్నారు, బావుంది. మరి ఈ బుట్ట దేనికి ప్రతీకమ్మా?' అని అడిగారు. 'ఆకులు తెచ్చుకోవడానికండీ' అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు, డిగ్రీ వచ్చింది. నేను మాత్రం హాస్యానికి అనలేదు. ఒక వస్తువు ప్రతీక కావాలంటే ముందు దానికి రోజువారీ పని నుంచి కొంత సెలవు దొరకాలి. రాజ్యం వాయులీనం ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోకుండా ఉంది కాబట్టే దానిలో ఆమె బాల్యం, పుట్టిల్లు, చేయలేకపోయిన సాధన అన్నీ వచ్చి చేరడానికి చోటు దొరికింది. గవరి బుట్టకు సెలవు లేదు. ఖాళీ బుట్టతో ఇంటికి రాకూడదు. అందులో ఆకులు తప్ప ఇంకేం పట్టవు.

చాసో ఈ తేడాని పాటించలేదన్నది నేను గమనించిన విషయం. ఆయన బుట్టనీ వాయులీనాన్నీ ఒకే కంటితో చూశారు. వాయులీనానికి కూడా చివరికి ధర కట్టించారు. ఎంత అపురూపమైన వస్తువైనా దిగువ మధ్యతరగతి ఇంట్లో అది తాకట్టుకి ఒక అడుగు దూరంలోనే ఉంటుందని ఆయనకు తెలుసు. 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో కృష్ణుడి తండ్రికి చుట్టలకు డబ్బుంటుంది గానీ కొడుకు చదువుకుండదు. చుట్టల కోసం పంపిన పిల్లాడు బడి దగ్గర సిగ్గుతో నిలబడిపోతాడు. అక్కడ కూడా అంతే, చుట్ట చుట్టే. తేడా పెట్టింది మనం. మధ్యతరగతి స్త్రీ పోగొట్టుకున్నదాన్ని 'అస్తిత్వ వేదన' అని, కూలి స్త్రీ పోగొట్టుకున్నదాన్ని 'పేదరికం' అని రెండు వేరు అరల్లో పెట్టాం. రాజ్యానికి అంతరంగం ఉంది, గవరికి ఆకలి ఉంది. ఈ విభజన ఎవరు చేశారు?

అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' (1974) కూడా ఈ కోణంలో మళ్ళీ చదవొచ్చు. పెద్దగా చదువుకోకుండా పల్లెటూరిలో కాపురం చేసుకునే అక్క, ఢిల్లీలో ఉండే చదువుకున్న చెల్లెలి ఇంటికి వస్తుంది. చెల్లెలు ముచ్చటగా పెంచుతున్న బోన్సాయ్ తురాయి, దానిమ్మ చెట్లని చూసి అక్క అన్న మాటల వల్ల ఆ కుండీలు ఆడపిల్లల పెంపకానికి పోలికగా తెలుగులో స్థిరపడిపోయాయి. గాలివాన వస్తే కుండీలను లోపలికి తీసుకుపోవాలి. బయట పెద్ద తురాయి చెట్టు మాత్రం ఎందరికో నీడనిస్తుంది. నా మనసు మాత్రం ఆ చెట్టు కిందికి చేరినవాళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఇద్దరక్కచెల్లెళ్ళూ వాళ్ళని లోపలి నుంచి చూస్తున్నారు. కుండీలో పెరిగిన స్త్రీలకు కుండీ సమస్య. వానలో చెట్టు కింద నిలబడ్డ స్త్రీకి కుండీ లేదు, కప్పూ లేదు. 'తన మార్గం' కథలకు 2005లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న ఛాయాదేవి గారి చూపు తన వర్గం మీద చాలా నిశితమైనది. ఆ కిటికీని దాటి అవతలికి వెళ్ళినట్టు ఆమె నటించలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

వస్తువుల మీద ఈ తగాదా అసలు బయటపడింది కథలో కన్నా ముందు కవిత్వంలో. అందుకని కాసేపు అటు వెళ్ళక తప్పదు. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' అన్నప్పుడు ఎంత దుమారం లేచిందో మనలో చాలామందికి తెలుసు. స్త్రీ శరీరాన్ని సిగ్గుతో కట్టిపడేసే గుడ్డగా ఆమె పైటను చూసింది. ఆ కోపం న్యాయమైనదే. తర్వాత జూపాక సుభద్ర అదే గుడ్డ మీద ఇంకో కవిత రాసింది. ఆమె దాన్ని పైట అనలేదు, కొంగు అంది. రొమ్ము మీద కాపలా కాసేది కాదు, పనిలో తోడుండేది అంది. పొలంలో దిగిన స్త్రీ కొంగును ఒడి కట్టి పత్తి ఏరుతుంది. మూట ఎత్తాలంటే చుట్టకుదురు చేసి తలమీద పెట్టుకుంటుంది. చెమట తుడుచుకుంటుంది, చంటిబిడ్డను పడుకోబెడుతుంది, కూలి డబ్బులు ముడి వేసుకుంటుంది. దాన్ని తగలబెడితే ఆమెకు పోయేది ఒక పనిముట్టు.

ఈ రెండు కవితల్నీ సవర్ణ స్త్రీవాదం, దళిత స్త్రీవాదం అని ఎదురెదురు పెట్టి ఎవరిది ఒప్పో తేల్చడం మన సభల్లో అలవాటైంది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది మాటల తేడా. ఒకే బట్ట, ఒకే అంచు. పనిలో ఉంటే కొంగు, పరువులో ఉంటే పైట. జయప్రభ తన ఒంటిమీద ఉన్న పైట గురించి నిజమే చెప్పింది. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే దాన్ని మేం 'స్త్రీ పైట' అని చదివి, కొంగు కట్టుకున్నవాళ్ళందరినీ అందులో కలిపేశాం. సుభద్ర ఆ కలపడాన్ని ఒప్పుకోలేదు.

కథల్లోకి తిరిగి వస్తే, దళిత స్త్రీల కథల్లో ఈ పనిముట్ల చూపు మొదటి నుంచీ ఉంది. గోగు శ్యామల కథ ఒకదానికి పేరు ఒక సామెతలోంచి వచ్చింది. ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం. 2012లో ఆమె కథలు ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చినప్పుడు ఆ పుస్తకానికీ అదే పేరు పెట్టారు. ఏకులంటే నూలు వడకడానికి చేసుకునే దూది చుట్టలు. తల్లిని కొలవడానికి ఈ సామెత చెప్పిన జనం దేవతనో భూమినో తీసుకోలేదు. చేతిలో రోజూ ఉండే చిన్న బుట్టని తీసుకున్నారు. ఆ బుట్ట తేలిక. అందులో ఉన్నది దూది. రేపటికి నూలవుతుంది, బట్టవుతుంది, అమ్మితే గింజలవుతాయి. తండ్రి ఏనుగంత ఉన్నా ఇంటికి ఏం తెచ్చాడన్నది ఆ పోలికలో దాగి ఉంది. గొప్పగా లేని వస్తువుతో గొప్పదాన్ని కొలిచే ఈ పద్ధతి మన అలంకార శాస్త్రంలో ఎక్కడ ఇముడుతుందో నాకు తెలియదు. ఉపమాన ఉపమేయాల జాబితాలు కంఠస్థం చేసిన రోజుల్లో చంద్రుడూ తామరపువ్వూ తప్ప ఏకుల బుట్ట మాకెవరూ చెప్పలేదు.

కారా 'చావు' కథలో ముసలమ్మ పోతే దహనానికి కట్టెలుండవు. అక్కడ కట్టె అంటే కట్టే. అది దొరికితే శవం కాలుతుంది, దొరక్కపోతే లేదు. ఆ కథలో కట్టె 'దేనికి ప్రతీక' అని పరీక్షలో ప్రశ్న ఇచ్చినవాళ్ళని నేను చూశాను. జవాబుగా ఒక పేజీ రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్ళనీ చూశాను. ఈ ఏడాది నుంచి నా తరగతిలో ఆ ప్రశ్న మార్చాను. ఈ కట్టె ఎవరిది, ఎవరు కొట్టారు, ఎవరి పెరట్లో పేర్చి ఉంది, అడిగితే ఎందుకు ఇవ్వలేదు అని నాలుగు ప్రశ్నలు ఇస్తున్నాను. పిల్లలు ముందు గొణిగారు. గైడులో జవాబు లేదు కదా. ఇప్పుడు తమ ఇళ్ళలో గిన్నెల మీద ఎవరి పేర్లున్నాయో రాసుకొస్తున్నారు. ఒకబ్బాయి వాళ్ళింట్లో నాయనమ్మ పేరున్న గంగాళం ఒకటి దొరికిందట. ఆమె దాన్ని తన కూలి డబ్బుతో కొన్నదట. పేరులో ఒక అక్షరం తప్పు పడితే, చెరిపి రాయడానికి మళ్ళీ పావలా అడిగాడని అలాగే ఉంచేసిందట.